ధరణికోట గోడలకి మరమ్మతులు సరే, నరుకుళ్లపాడు సంగతేంటి?

అమరావతి, ధరణికోట పేరు చెప్పి "వారసత్వ పునరుద్ధరణ" అన్న మాట వినపడితే చాలు, మన గ్రూపుల్లో కూడా షేర్లే షేర్లు. చేయండి, వద్దనట్లేదు. ధాన్యకటకం శాతవాహనుల నగరం. 1960లలో తవ్వితే కోటగోడ, కృష్ణ ఒడ్డున పడవలు ఆగే రేవు బయటపడ్డాయి. అది మట్టికోట. జేసీబీ ఒక్క రాత్రి పనిచేస్తే రెండు వేల ఏళ్లు ట్రాక్టర్ ఎక్కి పోతాయి. కాపాడాల్సిందే.

కానీ పని ఎవరికిస్తున్నారు, ఎవర్ని అడిగి ఇస్తున్నారు? ఇది మనం అడక్కపోతే ఇంకెవరూ అడగరు.

తెలియనోళ్ల కోసం చెప్తున్నాం. 18వ శతాబ్దం చివర్లో ఈ ప్రాంతం జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. దోపిడీలు చేస్తున్నారనే నెపంతో చెంచు మగాళ్లని భోజనానికి పిలిచి, వరసగా నిలబెట్టి తలలు నరికించాడని ఈ జిల్లా అంతా చెప్పుకుంటారు. బ్రిటిష్ వాళ్ల జిల్లా పుస్తకాల్లోకీ ఆ కథ ఎక్కింది. 150 మంది అని కొందరు, 600 అని కొందరు. అమరావతి పక్కనే ఉన్న నరుకుళ్లపాడుకి ఆ పేరు అందుకే వచ్చిందంటారు. ఆ తర్వాత నాయుడు అన్నానికి కూర్చుంటే మెతుకులు పురుగులుగా కనపడేవట. పాపం పోవాలని చింతపల్లి వదిలి అమరేశ్వరుడి దగ్గరికొచ్చి కొత్త ఊరు కట్టాడు. ఆ ఊరి కోసం రాళ్లూ ఇటుకలూ వెతుకుతూ దీపాలదిన్నె తవ్వితేనే స్తూపం బయటపడింది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆ తర్వాత ఆ రాళ్లు మద్రాసు వెళ్లాయి, లండన్ వెళ్లాయి, ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇప్పుడు వరస చూడండి. చెంచుల నెత్తురు, నాయుడి పశ్చాత్తాపం, కొత్త ఊరు, స్తూపం తవ్వకం. అమరావతి కథ ఎవరు చెప్పినా మూడో మెట్టు దగ్గర మొదలుపెడతారు. పోయిన రాళ్లకి లెక్కలున్నాయి, కేటలాగులున్నాయి. పోయిన మనుషులకి ఒక్క పేరు కూడా లేదు.

2015లో కేంద్రం హృదయ్ పథకం పెట్టింది. 12 ఊళ్లు, 500 కోట్లు. అందులో అమరావతి ఒకటి. పాత కాలచక్ర మ్యూజియాన్ని హెరిటేజ్ సెంటర్‌గా మార్చింది అలాగే. మళ్లీ డబ్బులొస్తాయి, మళ్లీ డీపీఆర్ రాస్తారు, తక్కువకి కోట్ చేసినోళ్లకి పని పోతుంది. మొన్నటిదాకా సిమెంటు రోడ్లేసిన కాంట్రాక్టరు ఇవాళ కోటగోడ పట్టుకుంటాడు. మట్టిగోడ మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ పొట్ట ఉబ్బి పడిపోతుంది. మట్టి మిద్దె అలికిన ఏ అవ్వనడిగినా చెప్తుంది ఈ మాట. కానీ అవ్వ దగ్గర టర్నోవర్ సర్టిఫికెట్ ఉండదు కదా!

"పాత గొడవలు ఇప్పుడెందుకు, మ్యూజియం బుద్ధుడిది" అనేవాళ్లున్నారు. సరే, బుద్ధుడి పేరు మీద కట్టిన చోట చంపబడ్డవాళ్ల మాట ఎత్తకూడదా? ఇంకొందరు "వాళ్లు దొంగతనాలు చేశారు కదా" అంటారు. ఈ ముద్ర మనకి కొత్తా? 1871 నేరస్థ తెగల చట్టం ఎందుకొచ్చింది, స్టువర్టుపురం ఎందుకు పుట్టింది? తీర్పు లేకుండా తల తీసేసి, తర్వాత తీర్పు రాసుకోవడం ఒక పద్ధతి. "మీకు లంబసింగి దగ్గర గిరిజన మ్యూజియం ఇచ్చాం కదా" అనేవాళ్లు ఇంకో రకం. మన చరిత్ర మన్యంలోనే ఉండాలా? కృష్ణ ఒడ్డున జరిగింది కృష్ణ ఒడ్డున చెప్పాలి.

ఘనాలో కేప్ కోస్ట్ కోట ఉంది. బానిసల్ని ఓడలెక్కించిన కోట. 1990లలో దానికి మరమ్మతులు చేసి తెల్లగా రంగులేస్తే, ఆ బానిసల వారసులు అమెరికా నుంచి వచ్చి గొడవపెట్టుకున్నారు: మా వాళ్ల బాధకి సున్నం కొడుతున్నారా అని. వాళ్ల నోరు వాళ్లకి పనికొచ్చింది.

మనకున్న చిక్కు ఇంకోటి. పల్నాడు ఐదో షెడ్యూల్‌లో లేదు. పీసా గ్రామసభ హక్కు ఇక్కడ పనిచేయదు. చెంచుల కోసమే పెట్టిన శ్రీశైలం ఐటీడీఏ ఉంది, కానీ ఏ హెరిటేజ్ పనికైనా దాన్ని పిలవాలని రూలు లేదు. అంటే మనల్ని అడగాల్సిన పని చట్టప్రకారం ఎవరికీ లేదు. అడిగించుకోవాల్సింది మనమే.

అందుకే మేం కోరుతున్నది ఇది. డీపీఆర్ ఖరారు చేసేముందే మాచర్ల వైపు చెంచు గూడేల పెద్దల్ని కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి. మ్యూజియంలో నరుకుళ్లపాడు కథకి ఒక గోడ కావాలి, మూలన బోర్డు కాదు. "ఇలా చెప్పుకుంటారు" అనే రాయండి, అభ్యంతరం లేదు, కానీ రాయండి. మట్టిపని, సున్నంపని చేసేచోట స్థానిక ఎరుకల, యానాది, సుగాలి, చెంచు పిల్లలకి శిక్షణ ఇచ్చి కూలీ కాదు, జీతం ఇవ్వాలి. గైడ్ ఉద్యోగాలు కూడా.

సమాచార హక్కు దరఖాస్తు నమూనా కామెంట్లో పెడుతున్నాం. ఫీజు పది రూపాయలు, జవాబుకి 30 రోజులు గడువు. పురావస్తు శాఖకి ఒకటి, పర్యాటక శాఖకి ఒకటి వేయండి. అడగాల్సింది: ఇప్పటిదాకా ధరణికోట, అమరావతి పనులకి ఎంత ఖర్చయింది, ఎవరికిచ్చారు, గిరిజనుల్లో ఎవర్ని సంప్రదించారు. నరసరావుపేట, గురజాల హాస్టళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, జవాబులొచ్చాక ఇక్కడే పెట్టండి.