కొవ్వులో దాగిన క్రిమి



గత నెలలో ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె భర్తకు క్షయ. రెండు నెలలు మాత్రలు మింగేసరికి జ్వరం, దగ్గు పోయి, ఒళ్ళు చేసిందట. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పి, ఇంకా మాత్రలు మింగితే అవిశ్వాసమని మానేశారట. పైగా ఈ క్రిమి కొవ్వు తిని బ్రతుకుతుందని ఎవరో చెప్పగా ఇంట్లో నెయ్యి, గుడ్లు కూడా ఆపారు. ఏం చేయమంటారని ఆమె అడిగారు.

కొవ్వు తింటుందన్న మాట నిజమే. 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్న ఈ క్రిమికి మైనం వంటి పొర ఉంటుంది. కళ్లె పరీక్షలో వేసిన ఎర్రరంగు ఆమ్లంతో కడిగినా వదలనిది దానివల్లనే. క్రిమి ఊపిరితిత్తులలోకి చేరగానే మన రక్షక కణాలు దానిని మింగుతాయి. మామూలు క్రిమి అయితే అక్కడితో సరి. ఇది మింగినవాని కడుపులోనే కాపురం పెడుతుంది. యోనా ఉన్నది మూడు దినాలే, ఇది ఏండ్ల తరబడి ఉండగలదు! ఆ కణంలో కొవ్వు బొట్లుగా పేరుకొని, సూక్ష్మదర్శినిలో చూస్తే సబ్బు నురుగులా కనిపిస్తుంది. ఆ కొవ్వును, కొలెస్టరాల్‌ను క్రిమి తింటుంది. మనం గాదెలో ధాన్యం పోసుకొన్నట్టు కొంత తనలో దాచుకుంటుంది కూడా. కొలెస్టరాల్‌ను లోనికి తీసుకోలేని క్రిములు ఎలుకలలో ఎక్కువకాలం నిలువలేవని 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. గాదె నిండిన క్రిమి పెరగడం మాని నిద్రకు పడుతుంది. ఐసోనియాజిడ్ అనే మాత్ర చేసే పని, మైనం పొర తయారు కాకుండా ఆపడం. పొర కట్టే పనే మానుకొన్న నిద్రపోతుకు దానివల్ల భయమేమి? మొదటి రెండు నెలలలో నాలుగు మందులకు పెరిగే క్రిములు చాలావరకు చస్తాయి, దగ్గు పోతుంది. తరువాతి నాలుగు నెలల మాత్రలు మిగిలిపోయిన మొండివాటి కోసం. మధ్యలో మానితే అవి లేచి వస్తాయి, మందుకు లొంగనివిగా మారవచ్చు కూడా.

ఆ సహోదరుని సాక్ష్యాన్ని మేము తక్కువ చేయము. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచిన మిషన్లవారూ ప్రార్థించేవారే. మందులు లేని ఆ రోజులలో విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారమే వారి వైద్యం.

నెయ్యి మాటకొస్తే, మానినంత మాత్రాన క్రిమి పస్తుండదు. కొలెస్టరాల్‌ను మన కణాలే తయారు చేసుకుంటాయి. చిక్కిపోయేది రోగి. ఝార్ఖండ్‌లో రోగుల ఇంటివారికి అదనపు ఆహారం ఇచ్చి చూడగా, వారిలో క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గినట్టు 2023లో ప్రకటించారు.

అమ్మా, గుడ్డు, పప్పు, నెయ్యి పెట్టండి. ఆపిన మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టక, ఈ వారమే ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పిల్లలకూ పరీక్ష చేయించండి. మీ పాస్టరుగారికి మేము వేరే ఉత్తరం వ్రాశాము.