రిజిస్టరుకెక్కని పేర్లు

లాటిన్ అమెరికా సైనిక నియంతృత్వాల గురించి తరగతిలో చెబుతుండగా ఒక విద్యార్థి లేచి అడిగాడు: ‘‘చర్చి ఎప్పుడూ ఉన్నవాడి పక్షమే కదా సార్, చిలీలో కమ్యూనిస్టులను ఎందుకు కాపాడింది?’’ ఆ ప్రశ్నలో సగం నిజం ఉంది. 1973 సెప్టెంబర్ 11న పినోచెట్ సైన్యం సాల్వదోర్ అయెందె ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు చిలీ బిషప్పుల్లో సంతోషించినవారు లేకపోలేదు. వారం తిరిగేసరికి రాజధాని శాంటియాగోలోని ఒక చర్చిలో జరిగిన జాతీయ దినోత్సవ ప్రార్థనకు సైనిక పాలకులు దర్జాగా హాజరయ్యారు.

మిగతా సగం ఆ తర్వాత మొదలైంది. జాతీయ స్టేడియాన్ని జైలుగా మార్చారు. గేట్ల దగ్గర తల్లులు, భార్యలు బారులు తీరారు. పార్టీలు నిషేధానికి గురయ్యాయి, కార్మిక సంఘాలు చెల్లాచెదురయ్యాయి. తలుపు తట్టడానికి మిగిలిన చోటు చర్చి ఒక్కటే. అక్టోబర్‌లో కార్డినల్ రౌల్ సిల్వా ఎన్రీకెస్ చొరవతో కాథలిక్కులు, లూథరన్లు, మెథడిస్టులు, యూదు మత పెద్దలు కలిసి ఒక శాంతి సహకార సంఘం పెట్టారు. సాయం కోరి వచ్చినవారిలో మార్క్సిస్టులు, దేవుణ్ణి నమ్మనివారు ఉన్నారు. నీ మతమేమిటని వారిని అడగలేదు.

1975 చివర ఆ సంఘాన్ని మూసెయ్యమని పినోచెట్ కార్డినల్‌కు లేఖ రాశాడు. కార్డినల్ మూసేశారు. 1976 జనవరి 1 నుంచి అదే పనిని ‘వికారియా దె లా సోలిదరిదాద్’ అనే పేరుతో, అంటే సంఘీభావ విభాగంగా, నేరుగా తన అధిమేత్రాసనం కిందికి తెచ్చుకున్నారు. ఇప్పుడు దానిపై చెయ్యి వెయ్యాలంటే కాథలిక్ చర్చిపైనే వెయ్యాలి. కాథలిక్ దేశాన్ని కమ్యూనిజం నుంచి కాపాడానని చెప్పుకునే పాలకుడికి అది కష్టమైన పని.

మన సెమినార్లలో విమోచన వేదాంతం గురించి చాలా వింటాం. వికారియా గుమస్తాల గురించి వినం. నా దృష్టిలో అసలు కథ వాళ్ళదే. మనిషిని పట్టుకుపోయారని కబురు రాగానే పేరు, గుర్తింపు సంఖ్య, ఫొటో, చూసినవారి సాక్ష్యం రాసుకుని ఫైలు తెరిచేవారు. కోర్టులో హెబియస్ కార్పస్ వంటి పిటిషన్ వేసేవారు. వేల పిటిషన్లు వేస్తే కోర్టులు అంగీకరించినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కొట్టేస్తారని తెలిసీ ఎందుకు వేశారు? 1975లో ఐక్యరాజ్యసమితిలో చిలీ ప్రతినిధి, అదృశ్యమయ్యారంటున్న వారిలో చాలామంది చట్టరీత్యా అసలు పుట్టనే లేదన్నట్టు వాదించాడు. ఆ అబద్ధానికి జవాబు ఉపన్యాసం కాదు, ఫైలు. కొట్టేసిన పిటిషన్ కూడా ఆ మనిషి ఒకప్పుడు ఉన్నాడనడానికి సాక్ష్యమే.

1978 చివర చర్చికి ఒక రహస్య సమాచారం అందింది. బిషప్ ఎన్రీకె అల్వియర్‌తో సహా కొందరు వెళ్ళి లొంకెన్ అనే చోట పాడుబడిన సున్నపు బట్టీలు తవ్వించి చూశారు. పదిహేను మంది అస్థికలు బయటపడ్డాయి. 1973 అక్టోబర్‌లో పోలీసులు పట్టుకుపోయిన పల్లె జనం వారు. అందులో ఒకే ఇంటి తండ్రి, నలుగురు కొడుకులు ఉన్నారు. కాల్పుల్లో చనిపోయారన్న పోలీసుల కథ అక్కడితో కూలిపోయింది. కానీ ఆ ఏడాదే ప్రభుత్వం తనవారికి క్షమాభిక్ష చట్టం చేసుకుని ఉంది, హంతకులు బయటపడ్డారు. మరుసటి ఏడాది చర్చిలో అంత్యక్రియల ప్రార్థనకు కుటుంబాలు కాచుకుని ఉండగానే అస్థికలను సామూహిక గోతిలో పూడ్చేశారు.

ఈ పనికి చర్చి లోపల కూడా మూల్యం చెల్లించవలసి వచ్చింది. శాంతి సంఘానికి సహాధ్యక్షుడైన లూథరన్ బిషప్ హెల్ముట్ ఫ్రెంజ్‌ను 1975లో దేశంలోకి తిరిగి రానివ్వలేదు. ఆయన్ను తొలగించమని అంతకు ముందు నుంచే పట్టుబట్టింది ఎవరనుకున్నారు? ఆయన సంఘంలోని జర్మన్ సంతతి సంపన్న విశ్వాసులే. చివరికి ఆ చర్చి రెండుగా చీలింది. చందా ఇచ్చే కులమొకటి, సాయం అడిగే కులమొకటి అయిన చోట ఏం జరుగుతుందో తెలుగు పాఠకులకు విప్పి చెప్పనక్కరలేదు.

1985 మార్చిలో వికారియా పత్రాల విభాగం చూసే హోసె మన్యువెల్ పరాదాను పోలీసులు మరో ఇద్దరితో పాటు పట్టుకుపోయి గొంతులు కోశారు. ఆయన కమ్యూనిస్టు; చర్చి ఫైళ్ళు చూసుకుంటూ చనిపోయాడు. అదే ఏడాది జూలై 17న కారంచేడులో మాదిగలను చంపారు. ప్రాణాలతో మిగిలినవారు చీరాలకు వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే ఒక ఉద్యమం లేచింది, దళిత మహాసభ పుట్టింది. మన చర్చి తలుపు మూసిందని నేను అనను. నేలనిచ్చింది.

ఇవ్వలేనిది ఫైలు. చిలీలో కాగితం మనిషిని బతికించింది. ఇక్కడ కాగితమే మనిషికి ప్రమాదం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులస్థుడు హిందువై ఉండాలి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. కాబట్టి మాల, మాదిగ పేటల్లో మనిషికి చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. దెబ్బలు తిన్నవాడు అట్రాసిటీ చట్టం కింద కేసు పెడితే ‘నువ్వు చర్చికి వెళ్తావు కదా’ అన్నది నిందితుల వకీలు అడిగే మొదటి ప్రశ్న అవుతుంది. ఈ భయంలో చర్చి తన మనుషుల గురించి తానే రాసుకోలేకపోతుంది.

నన్ను ప్రశ్న అడిగిన ఆ విద్యార్థి సెలవుల్లో ఒక చర్చికి వెళ్ళాడు. ఎన్నడో ఒక దాడి తర్వాత కొన్ని దళిత కుటుంబాలు అక్కడ వారాల తరబడి ఉన్నాయని పెద్దలు చెప్పారట. కార్యాలయంలో బాప్తిస్మాల రిజిస్టరు ఉంది, పెళ్ళిళ్ళది ఉంది, చందాలది మరీ భద్రంగా ఉంది. వచ్చి తలదాచుకున్నవారి పేర్లు ఎక్కడా లేవు. అడిగితే పాస్టరు నెమ్మదిగా అన్నారట: ‘‘రాస్తే వాళ్ళ సర్టిఫికెట్లకే ఎసరు కదా బాబూ.’’ వాడు ఇప్పుడు ఒక నోటుబుక్కు కొనుక్కుని ఆ పేటలో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఒక్కొక్కరికి రెండు పేర్లూ రాస్తున్నాడు.