టమాటా పంట, ఫార్మసీ పట్టా

పోయిన వేసవిలో ఒకరోజు భోజనాల దగ్గర మా అమ్మాయి కంచంలోంచి తలెత్తకుండా, "నాన్నా, నేను ఫార్మసీ చదువుతా" అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను మజ్జిగ గ్లాసు వైపు చూశాను. పిల్ల కంప్యూటర్ల దారిలోనే వస్తుందని లోపల ఎక్కడో ఆశ పెట్టుకున్నవాణ్ణి మరి. వారం తిరక్కుండా రంగురంగుల బ్రోషర్ ఒకటి పోస్టులో వచ్చింది. ఎక్కడో కొత్తగా పెట్టిన ఫార్మసీ కాలేజీ. రెండేళ్ళు ప్రీ-ఫార్మసీ, నాలుగేళ్ళు ఫార్మ్‌డీ, సీటు ఇప్పుడే ఖాయం చేసుకోవచ్చట.

అలవాటు ప్రకారం లాప్‌టాప్ తెరిచి స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. మా ఇంట్లో దీనికి "నాన్న పూజ" అని పేరు. మన పిల్లల్లో మెడిసిన్ కాకపోతే ఫార్మసీ అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు కనుక, ఈ పూజలో దొరికిన ప్రసాదం మీకూ పంచుతున్నాను.

2000 డిసెంబరులో అమెరికా ఆరోగ్య శాఖ కాంగ్రెస్‌కు ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో ఫార్మసిస్టులు చాలడం లేదన్నది దాని సారాంశం. ఆ తర్వాత నిపుణులు కూర్చుని 2020 నాటికి 1,57,000 మంది తక్కువ పడతారని లెక్క కట్టారు. ఇక 2006లో మెడికేర్ పార్ట్ డీ మొదలయ్యాక మందుల చీటీలు ఇంకా పెరిగాయి.

మా వదిన, అంటే మా ఆవిడ అక్కగారు, సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. వరంగల్‌లో బీఫార్మసీ చేసి, ఇక్కడ పరీక్షలన్నీ రాసి, ఇంటర్న్‌షిప్ గంటలు పూర్తిచేసి ఫార్మసిస్టయింది. చేరినందుకే బోనస్ ఇచ్చారు. ఆ దారి తర్వాత మూసుకుపోయింది. 2003 జనవరి 1 నుంచి పట్టా తీసుకున్న విదేశీయులకు కనీసం అయిదేళ్ళ ఫార్మసీ చదువు ఉండాలన్నారు. మన బీఫార్మసీ నాలుగేళ్ళే కదా! ఇండియాలో ఆరేళ్ళ ఫార్మ్‌డీ 2008లో గానీ మొదలు కాలేదు.

ఇక్కడ మాత్రం కాలేజీలు పుట్టుకొచ్చాయి. 2000లో 80 ప్రాంతంలో ఉన్నవి రెండు దశాబ్దాల్లో 140 దాటాయి. ఏటా బయటికొచ్చే పట్టభద్రులు ఏడువేల నుంచి రెట్టింపయ్యారు.

మాది మదనపల్లె వైపు. మా తాతగారు టమాటా వేసేవారు. ఒక ఏడు ధర బాగా పలికితే మరుసటి ఏడు ఊరంతా టమాటాయే. అందరి పంటా ఒకేసారి మార్కెట్‌కొచ్చి, కోత కూలి కూడా గిట్టక బుట్టలు రోడ్డు పక్కన పారబోసిన రోజులు నాకు గుర్తే. తేడా ఒకటే. టమాటా నాలుగు నెలల పంట. ఫార్మసీ ఆరేళ్ళ పంట. వేసినప్పటి ధరకీ కోసినప్పటి ధరకీ సంబంధమే ఉండదు.

ప్రభుత్వ కార్మిక గణాంకాల సంస్థ అంచనాలే చూడండి. 2010-20కి ఫార్మసిస్టుల ఉద్యోగాలు 25 శాతం పెరుగుతాయన్నారు. 2019-29కి వచ్చేసరికి 3 శాతం తగ్గుతాయన్నారు. ఇన్సూరెన్స్ మధ్యవర్తులు మందుకిచ్చే డబ్బు తగ్గించుకుంటూ వచ్చారు. సీవీఎస్ 2021లో 900 దుకాణాలు, వాల్‌గ్రీన్స్ 2024లో 1,200 దుకాణాలు మూసేస్తామని ప్రకటించాయి. రైట్ ఎయిడ్ 2025 అక్టోబరుకల్లా పూర్తిగా మూతపడింది.

ఈ వార్తలు విని పిల్లలు ఫార్మసీ వైపు రావడం మానేశారు. దరఖాస్తులు సగానికి పైగా పడిపోయాయి. ప్రవేశపరీక్ష పీక్యాట్‌ను 2024లో ఎత్తేశారు. తీరా చూస్తే 2023-33కి 5 శాతం పెరుగుదల అంటున్నారు. 2024లో మధ్యస్థ జీతం 1,37,480 డాలర్లు. అందరూ పొలం వదిలేసిన ఏడు విత్తనం వెయ్యడం తెలివా, తెలివితక్కువా? 2001లో నేను ఇంజనీరింగ్ ముగించి బయటికొచ్చేసరికి డాట్‌కామ్ బుడగ పేలింది. చేతిలో ఆఫర్ లెటరుంది, చేరే తేదీ లేదు. ఆ ఏడాది కంప్యూటర్లు వదిలేసినవాళ్ళు తర్వాత ఎంత బాధపడ్డారో నాకు తెలుసు.

ఇదంతా వదినకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "మరిదిగారూ, మీ షీట్‌లో నిలబడే గంటలు ఎక్కడా లేవే?" అంది. పన్నెండు గంటలు కాళ్ళ మీద. ఒక చెవికి ఫోను, డ్రైవ్‌త్రూలో కారు, వ్యాక్సిన్ కోసం వరస, ఇన్సూరెన్స్ కాదన్న చీటీలు. 2023లో కాన్సస్ సిటీలో ఫార్మసిస్టులు పని ఆపి బయటికి నడిచింది జీతం కోసం కాదు, పక్కన సాయానికి మనుషులు లేక. "పిల్లని ఒక ఆర్నెల్లు టెక్నీషియన్‌గా పంపించండి. తర్వాత తనే చెబుతుంది" అంది.

పద్దెనిమిది నిండగానే మా అమ్మాయి పక్క ఊళ్ళో ఒక చిన్న సొంత ఫార్మసీలో శని, ఆదివారాలు చేరింది. మొదటి నెల కాళ్ళు నొప్పులని ఏడ్చింది. నాకు లోపల కాస్త సంతోషం కూడా కలిగింది, దాచుకోను. ఒక శనివారం రాత్రి ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే మొదలెట్టింది. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడే పెద్దాయనకి ఇంకో డాక్టరు బాక్ట్రిమ్ రాశారట. రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం. ఫార్మసిస్టు డాక్టరుకి ఫోన్ చేసి మందు మార్పించారు. "ఆ తాతగారికి ఏమీ తెలీదు నాన్నా. థాంక్యూ చెప్పి వెళ్ళిపోయారు" అంది. ఆ మొహం చూశాక నా షీట్ మూసేశాను.

అయితే బ్రోషర్ కాలేజీకి మాత్రం వద్దన్నాను. మీరూ కాలేజీని ఈ నాలుగూ అడగండి. ఏసీపీఈ గుర్తింపు ఏ దశలో ఉంది? కొత్త కాలేజీకి మొదటి బ్యాచ్ బయటికొచ్చేదాకా పూర్తి గుర్తింపు రాదు. న్యాప్లెక్స్ మొదటిసారే ఎంతమంది పాసవుతున్నారు? 2014లో దేశం మొత్తం మీద దాదాపు 95 శాతం, 2023లో 80కి దిగువన. కాలేజీవారీ లెక్కలు బయటే ఉంటాయి. అప్పు ఎంతవుతుంది? లక్షన్నర డాలర్లు దాటడం మామూలే. ఆస్పత్రి రెసిడెన్సీలు ఎంతమందికి దొరికాయి?

ఇవన్నీ చూసి మా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రీ-ఫార్మసీకి దరఖాస్తు చేసింది. అక్కడైతే రెండేళ్ళ తర్వాత మనసు మారినా ఆ చదువు మరో డిగ్రీకి పనికొస్తుంది.

"నేను బయటికొచ్చేసరికి ఉద్యోగం ఉంటుందా నాన్నా?" అని మొన్న అడిగింది. "తెలీదమ్మా" అన్నాను. పిల్లలూ, మీ నాన్నలకీ తెలీదు. తెలిసినట్టు మాట్లాడితే నమ్మకండి. ముందు ఒక శనివారం వెళ్ళి ఆ కౌంటర్ వెనక నిలబడి చూడండి.