గది దాటిన తెలుగు



లండన్ నగరంలో మీ వారం ఎలా గడుస్తుందో నాకు తెలుసు. బడి, ఇంటిపని, కిక్కిరిసిన రైళ్ళు, వాహనాల రొద. వారాంతంలో తెలుగు తరగతి. ఆ తరగతిలో మీరు 'కెరటం', 'వాగు', 'గట్టు' అని తప్పులు లేకుండా రాస్తారు. అయితే కెరటాన్ని కంటితో చూస్తూ ఆ మాట పలికినవారు మీలో ఎందరు? ఏడాదికి ఒక్క రోజైనా మన తరగతి నగరం విడిచి సముద్రతీరాన నడవాలని నా అభిప్రాయం.

అందుకు దూరదేశాలు వెళ్ళనక్కరలేదు. విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కి, లూయిస్‌లో మారితే, సుమారు గంటన్నరలో సీఫర్డ్ చేరుకోవచ్చు. అక్కడినుండి కొండగట్టు మీదుగా తూర్పుగా నడిస్తే కక్‌మియర్ నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. దానికి ఆవల తెల్లని కొండలు వరుసగా నిలిచి ఉంటాయి. ఆంగ్లేయులు వాటిని 'సెవెన్ సిస్టర్స్' అన్నారు. మనం 'ఏడుగురు అక్కచెల్లెళ్ళు' అందాం. ఈస్ట్‌బోర్న్ వరకు పూర్తి దారి సుమారు 22 కిలోమీటర్లు. చిన్నపిల్లలకు నది దాకా నడక చాలు.

ఆ కొండలు సుద్దతో ఏర్పడినవి. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రపు అడుగున పేరుకుపోయిన సూక్ష్మజీవుల పెంకులే ఆ సుద్ద. అలలు కొండ పాదాన్ని కోసివేయగా పైభాగం విరిగి పడుతుంది. అందువల్లనే ఆ గోడ ఎప్పుడూ తెల్లగా కనిపిస్తుంది. అదే తీరంలో మరికొంత తూర్పున బెల్ టూట్ అనే పాత దీపస్తంభం ఉంది. కొండ అంచు దగ్గరపడటంతో 1999లో ఆ కట్టడాన్ని 17 మీటర్లు వెనుకకు జరిపారు. కనుక అంచుకు చేరువగా వెళ్ళకండి. పైన పచ్చిక ఉన్నా కింద నేల ఉండకపోవచ్చు. కొండ కింద నిలబడటమూ ప్రమాదమే.

"ఇంటిపని ఎప్పుడు చేస్తారు? వాన వస్తే?" అని మీ అమ్మానాన్నలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నలే. వాన వస్తే మరో వారం వెళ్దాం. ఇంటిపని ముందునాడే ముగిద్దాం. "అక్కడికి వెళ్ళినా పిల్లలు ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు కదా" అనే మాటకు మాత్రం జవాబు మీరే చెప్పాలి. రైలు దిగినది మొదలు తిరిగి ఎక్కేవరకు, కనిపించిన ప్రతిదానికీ తెలుగు పేరు వెతకండి. నీరు వెనుకకు తగ్గితే ఆటు, పొంగి వస్తే పోటు. నది సముద్రంలో కలిసే చోటు మొగ. మాట తోచకపోతే ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి అడగండి. వారు ఎంత సంతోషిస్తారో చూడండి!

పుస్తకంలో నేర్చిన మాట పరీక్ష దాకా గుర్తుంటుంది. గాలికి తడబడుతూ, కాళ్ళు నొప్పి పెడుతుండగా నేర్చిన మాట చిరకాలం నిలుస్తుంది. నాలుగు గోడల మధ్యనే ఉంచితే మన తెలుగు పాఠంగా మిగిలిపోతుంది. మీతో నడిపిస్తే అది మీ భాష అవుతుంది. ఈ దేశపు కొండలకూ కెరటాలకూ తెలుగులో పేరు పెట్టి పిలవగలిగేది మీరే.

ఈ వేసవిలో ఒక రోజు వెళ్ళిరండి. అక్కడ దొరికిన అయిదు తెలుగు మాటలను తరువాతి సంచికకు రాసి పంపండి.