వాలు అంటే ఏంట్రా?

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. సరిగ్గా వారం తర్వాత సెప్టెంబర్ 5న ఉపాధ్యాయ దినోత్సవం. మొదటిదానికి పద్యాల పోటీ పెడతాం, రెండోదానికి సార్లకీ మేడమ్‌లకీ పూలగుత్తులిస్తాం. ఈ రెంటికీ ఏదో సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. నా మటుకు నాకు రెండూ ఒకే మనిషిని గుర్తుచేస్తాయి. ఆయన మాకు లెక్కలు చెప్పిన మాస్టారు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా ఆయన దగ్గరే లెక్కలు నేర్చుకున్నాను. సూత్రం అప్పజెప్తే ఆయన ఊరుకునేవారు కాదు. "అది లెక్క కట్టే పద్ధతి రా. అసలు సంగతేంటో మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు" అనేవారు.

పదో తరగతిలో ఓసారి "వాలు అంటే ఏంట్రా?" అని అడిగారు. వై టూ మైనస్ వై వన్ అంటూ క్లాసంతా ఒకే గొంతుతో అందుకుంది. ఆయన నవ్వి మమ్మల్ని బడి వెనక చెరువు కట్ట దగ్గరికి తీసుకెళ్లారు. "పది అడుగులు ముందుకెళ్లేసరికి ఐదు అడుగులు ఎత్తు ఎక్కావనుకో, వాలు సగం. కట్ట మీద పొడుగునా నడిస్తే ఎత్తు మారదు, కాబట్టి వాలు సున్నా. అవతలికి దిగితే రుణాత్మకం. మరి ఆ తూము గోడ నిట్టనిలువుగా ఉంది కదా, దాని వాలెంత?" గోడ మీద ఎంత పైకి పాకినా ముందుకి ఒక్క అడుగూ జరగం. అంటే భాగించడానికి సున్నాయే మిగిలింది. నిలువు గీతకి వాలు ఎందుకు చెప్పలేమో అక్కడ తెలిసింది.

ఇంటర్‌లో డిఫరెన్షియేషన్ మొదలైనప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. కట్ట అడుగున ఒక వాలు, కాస్త పైకెళ్తే ఇంకో వాలు. ఏ చోట ఎంత అని అడగడమే కదా అది!

"ఇంటర్వ్యూలు ఇంగ్లీషులో, పరీక్షలు ఇంగ్లీషులో, తెలుగులో అర్థం చేసుకుని ఏం చేస్తావ్?" అని నా రూమ్మేటే అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. మా మాస్టారికీ ఆ సంగతి తెలుసు. అందుకే తొమ్మిదో తరగతి నుంచి మా నోటు పుస్తకం వెనక రెండు గడులు గీయించారు. ఒకవైపు వాలు, కర్ణం, సంభావ్యత. ఎదురుగా స్లోప్, హైపోటెన్యూస్, ప్రాబబిలిటీ. ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో చేరాక తోటివాళ్లు చాలామంది తడబడ్డారు. ఆ పుస్తకం ఉన్నవాళ్లం మాత్రం నెట్టుకొచ్చాం. భావం ముందే ఉంటే ఇంగ్లీషు మాట దానికి ఇంకో పేరు అవుతుంది. భావం లేకపోతే తెలుగు మాటైనా బట్టీయే. సూత్రం అప్పజెప్పినప్పుడు మేం చేసిందీ అదే కదా, తెలుగు మీడియంలోనే!

గిడుగు రామమూర్తి గారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే తలుచుకుంటాం. ఆయన బడిపంతులు కూడా. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో పాఠాలు చెప్పేవారు. చుట్టుపక్కల కొండల్లోని సవర పిల్లలకి చదువు చెప్పాలంటే వాళ్ల భాష రావాలని, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు, బళ్లు పెట్టారు. పిల్లవాడికి మన భాష రాకపోతే మనమే వాడి దగ్గరికి వెళ్లాలన్నది ఆయన పద్ధతి. అలాంటి మనిషి పుట్టినరోజున మనం పోటీలు పెట్టి సరిపెట్టుకుంటున్నాం.

మన హాస్టల్ సంగతి చూడండి. ఫస్టియర్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్లు వెనక బెంచీలో కూర్చుంటారు. "అర్థమైందా?" అంటే తలూపుతారు. పరీక్ష ముందు రాత్రి సీనియర్ దగ్గరికొస్తే "అలా బట్టీ కొట్టెయ్ రా, పాసైపోతావ్" అని పంపేస్తాం. వాడు పాసవుతాడు కూడా. కానీ నాకు రాదులే అన్న మాట వాడి మనసులో పడిపోతుంది. బ్యాక్‌లాగ్ అయితే మళ్లీ రాసుకోవచ్చు, ఈ మాటని తీసెయ్యడం చాలా కష్టం. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ చెప్పడానికి అనుమతిచ్చింది. నేనడిగేది అంత పెద్ద మార్పు కూడా కాదు, సీనియర్లు గంటసేపు కూర్చోవడం.

మాస్టారు రిటైరయ్యారు. పోయినేడు ఫోన్ చేస్తే "ఏం చదువుతున్నావో చెప్పరా" అన్నారు. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అన్నాను. "అంటే?" అన్నారు, నేను ఊహించినట్టే. "పెళ్లి మేళంలో సన్నాయి, డోలు కలిసి ఒకే చప్పుడుగా చెవిలో పడతాయి కదా మాస్టారూ. ఆ కలిసిన చప్పుడులో ఏ స్వరం ఎంత పాళ్లలో ఉందో విడదీసి చూపించే లెక్క" అన్నాను. కాసేపు ఆలోచించి, "బాగుంది. సన్నాయి సాగదీస్తే స్వరం తెలుస్తుంది. డోలు మీద ఒక్క దెబ్బ కొట్టి ఆపేస్తే అందులో ఏ స్వరం ఉన్నట్టు?" అని అడిగారు. ఆ రాత్రి మళ్లీ పుస్తకం తెరిచాను. దెబ్బ ఎంత చిన్నదైతే అందులో అన్ని ఎక్కువ ఫ్రీక్వెన్సీలు కలిసి ఉంటాయి. సిగ్నల్స్ పేపర్లో ఆ సెమిస్టరంతా చదివిన దానికన్నా ఆ ఒక్క ప్రశ్న నాకెక్కువ నేర్పింది.

మంచి పంతులు మనలో మిగిల్చి వెళ్లేది ఇలా అడిగే అలవాటునే. దాన్ని పక్కవాడికి అందించకుండా స్టేటస్‌లో ఫొటో పెట్టి చేతులు దులుపుకుంటే ఆయన రుణం తీరదు.

అందుకే మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. ఈ సెప్టెంబర్ 5 తర్వాత ప్రతి శనివారం సాయంత్రం హాస్టల్ రీడింగ్ రూమ్‌లో ఒక గంట. ఒక సీనియర్, ఒకే అంశం, తెలుగులో. మొదటి పది నిమిషాలు బోర్డు మీద సూత్రం రాయకూడదు. చివర్లో ఇంగ్లీషు మాటలు పక్కన రాసుకోవాలి. ఫస్టియర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎంత చిన్న ప్రశ్నయినా అడగొచ్చు, ఎవరూ నవ్వరు.

మొదటి శనివారం నాది. సన్నాయి, డోలుతో మొదలుపెడతాను.