ఇంటికి పంపే డబ్బుకు చిరునామా మెలిక

దేశాల మధ్య డబ్బు పంపేందుకు బ్యాంకులు స్విఫ్ట్‌లో వాడే పాత ‘ఎంటీ’ చెల్లింపు సందేశాల కాలం 2025 నవంబర్ 22తో ముగిసింది. వాటి స్థానంలో ఐఎస్‌ఓ 20022 వచ్చింది. వినడానికి బ్యాంకుల సొంత గొడవలా ఉన్నా, దుబాయ్ నుంచో డల్లాస్ నుంచో నెలనెలా ఇంటికి పంపే మనకూ ఇందులో ఒక మెలిక ఉంది. అదే చిరునామా.

పాత పద్ధతిలో డబ్బు అందుకునేవారి పేరు, చిరునామా కలిపి 35 అక్షరాల చొప్పున నాలుగు వరసల్లో సర్దేసేవారు. ‘రామాలయం వెనక వీధి’ అని రాసినా నడిచిపోయింది. కొత్త సందేశం ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది. వీధికి, పిన్‌కోడ్‌కు, ఊరికి, దేశానికి వేర్వేరు ట్యాగులు. గంపగుత్తగా రాసిన చిరునామాకు స్విఫ్ట్ 2026 నవంబర్ గడువు పెట్టింది. ఆ తర్వాత కనీసం ఊరు, దేశం వాటి గడుల్లో ఉండాల్సిందే. మిగతాది 70 అక్షరాల చొప్పున రెండు వరసల్లో రాసుకోవచ్చు.

మరి బ్యాంకుల్లో పేరుకున్న పాత రికార్డుల సంగతేంటి? ఎక్స్‌ఎంఎల్‌ను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే పనిముట్లలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఒకటి. 1999లో డబ్ల్యూ3సీ ఖరారు చేసింది. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు బాగా తెలిసిందే. ‘ఈ ట్యాగు కనిపిస్తే అందులోది తీసి ఆ ట్యాగులో పెట్టు’ అని స్టైల్‌షీట్ రాస్తే, లక్ష రికార్డులనైనా అలాగే మార్చేస్తుంది. కానీ ‘మల్యాల జగిత్యాల కరీంనగర్’ అని ఒకే వరసలో ఉంటే, అందులో ఊరేదో దానంతటది చెప్పలేదు. చివరి మాటే ఊరనుకోమంటే ఊరి గడిలో కరీంనగర్ కూర్చుంటుంది. కామా దగ్గర విడగొట్టమందామా? కామాలు అందరూ ఒకేలా పెట్టరాయె! పైగా జగిత్యాల 2016లోనే వేరే జిల్లా అయింది. అమలాపురం 2022లో కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. పాత రికార్డుకు ఇవేమీ తెలియవు.

ఊరు తప్పు పడినంత మాత్రాన డబ్బు మాయమైపోదు, ఖాతా నంబరు ఉంది కదా. అయితే గడువు తర్వాత ఊరి గడి ఖాళీగా ఉంటే సందేశం తిరస్కరణకు గురికావచ్చు. ఆంక్షల జాబితాతో పోల్చే చోట అనుమానం వస్తే తనిఖీకి ఆగుతుంది. ఆస్పత్రి బిల్లు కోసం పంపిన డబ్బు అలా ఆగితే ఇంట్లోవాళ్ల పరిస్థితేంటో చెప్పక్కర్లేదు.

గల్ఫ్‌లో ఎక్స్ఛేంజి ద్వారా పంపేవారు మరీ కంగారు పడనక్కర్లేదు. ఆ సంస్థల్లో చాలావాటికి మన బ్యాంకులతో రిజర్వు బ్యాంకు అనుమతించిన రూపాయి ఏర్పాట్లున్నాయి. ఆ దారిన వెళ్లే డబ్బుకు స్విఫ్ట్‌తో అన్నిసార్లూ పనుండదు. బ్యాంకు నుంచి నేరుగా పంపేవారే ముందు చూసుకోవాలి. ఎప్పుడో ఖాతా కలిపినప్పుడు ఇచ్చిన వివరాలే కంప్యూటర్‌లో ఉంటాయి. ఈసారి కౌంటర్ దగ్గర ఆ వివరాలు తెరిపించి, ఊరు, జిల్లా, పిన్‌కోడ్ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. పేరు కూడా ఇంటి దగ్గరి పాసుపుస్తకంలో ఉన్నట్టే ఉండాలి.