మార్కెట్ మోసపోయినా ప్రీమియం మోసపోనక్కర్లేదు

2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. అప్పుడు ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, పెంటియం చిప్‌తో పేరు తెచ్చుకున్న వినోద్ ధామ్, కేబినెట్ కార్యదర్శిగా చేసిన టి.ఆర్. ప్రసాద్, గచ్చిబౌలి ఐఎస్‌బీ డీన్ రామ్మోహన్ రావు ఉన్నారు. డైరెక్టర్ల బాధ్యతా బీమా అమ్మే అండర్‌రైటర్ ప్రపోజల్ ఫారంలో వెతికేవి ఇలాంటివే: బోర్డులో ఎవరున్నారు, ఆడిట్ ఎవరు చేశారు, పాత కేసులేమైనా ఉన్నాయా. ఆ ఫారం మీద సత్యానికి నూటికి నూరు మార్కులూ పడతాయి. మూడు నెలలు తిరిగేసరికి, డిసెంబరు 16న, ప్రమోటర్ల కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొంటున్నామని ఆ బోర్డు ప్రకటించింది. అదే రోజు న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్ (సత్యం షేర్లకు బదులు అమెరికాలో ట్రేడయ్యే రసీదు) విలువ సగానికి పైగా పడిపోయింది. లెక్కల్లో మోసం చేశానంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఒప్పుకోలు లేఖ అప్పటికింకా బయటికి రాలేదు. అది జనవరి 7 నాటి మాట. ఆనాడు బీమా నియంత్రణ సంస్థ బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో ఉండేది, ఇప్పుడు నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. చిరునామా మారింది గాని, ఈ బీమాకు, దాని వెనకుండే రీఇన్సూరెన్స్‌కు, అంటే బీమా కంపెనీలు తమ కోసం తీసుకునే బీమాకు, ధర కట్టే తీరు మారాల్సినంతగా మారలేదు.

పరిశ్రమలో డీ అండ్ ఓ అని పిలుచుకునే ఈ పాలసీ మూడు పనులు చేస్తుంది. కంపెనీ ఆదుకోలేని స్థితిలో డైరెక్టర్ల సొంత ఆస్తులను కాపాడుతుంది. డైరెక్టర్ల తరఫున కంపెనీ పెట్టిన ఖర్చును తిరిగిస్తుంది. వాటాదారులు నేరుగా కంపెనీ మీద దావా వేస్తే దానికీ కొంత చెల్లిస్తుంది. షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం 2022 జనవరి నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు స్వతంత్ర డైరెక్టర్లకు ఈ బీమా తీసుకోవాల్సిందే. అంటే కొనేవాళ్లు పెరిగారు, అమ్మేవాళ్ల మధ్య పోటీ కూడా పెరిగింది. ఇలాంటి చోట ధర ఎలా తేలుతుందో ఊహించడం కష్టం కాదు. పోయినేడాది ప్రీమియం ఎంత, క్లెయిమ్ వచ్చిందా, పక్క కంపెనీ ఎంతకిస్తానంటోంది, ఈ మూడే. పదేళ్లకోసారి వచ్చే ప్రమాదానికి పోయినేడాది అనుభవం కొలత కాలేదు. పోటీలో తగ్గించిన ప్రీమియం తాలూకు భారం చివరికి రీఇన్సూరర్ మీద పడుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. మార్కెట్ విలువ 20,000 కోట్ల రూపాయలున్న కంపెనీ 200 కోట్ల కవర్ తీసుకుంది అనుకుందాం. మొదటి 50 కోట్ల నష్టం బీమా కంపెనీది, ఆపై 150 కోట్లు రీఇన్సూరర్‌వి. వాటాదారుల దావాలో రాజీ మొత్తం, చెడువార్త రోజున ఆవిరైన మార్కెట్ విలువలో ఐదు శాతం ఉంటుందని లెక్క కోసం పెట్టుకుందాం. అప్పుడు 1,000 కోట్ల విలువ పోతే, అంటే షేరు ఐదు శాతం పడితే, నష్టం రీఇన్సూరర్ గడప తొక్కుతుంది. 4,000 కోట్లు పోతే, అంటే ఇరవై శాతం పడితే, ఆయన వాటా పూర్తిగా అయిపోతుంది. ఇది షేర్ల మార్కెట్లో రోజూ చేతులు మారే, ధర పడితే డబ్బు చెల్లించే పుట్ ఆప్షన్ లాంటిదే. ఒక ధర కింద మొదలై మరో ధర దగ్గర ఆగే ఆప్షన్‌కు మార్కెట్ ధర కడుతూనే ఉంది. ఇప్పుడు ఏడాదిలో ఆ కంపెనీ విలువ 40,000 కోట్లకు పెరిగిందనుకోండి. బోర్డు అదే, ఆడిటర్ అదే, ఫారంలో ఒక్క అక్షరం మారలేదు. కానీ రీఇన్సూరర్ గడప తొక్కడానికి ఇప్పుడు రెండున్నర శాతం పతనం చాలు. పోయినేడాది ప్రీమియానికి ఐదు శాతం కలిపి రెన్యూవల్ చేసినవాడు ఈ సంగతి గమనించడు.

అయితే ప్రతి పతనమూ డైరెక్టర్ల తప్పు కాదు. 2008 అక్టోబరులో ఐటీ షేర్లన్నీ కలిసి పడ్డాయి, అందులో సత్యం ఒకటి. దానికి ఏ బోర్డునీ కోర్టుకీడ్వలేం. డిసెంబరు 16 పతనం వేరు, అది సత్యానిది మాత్రమే. కాబట్టి రీఇన్సూరర్ కొలవాల్సింది షేరు మొత్తం ఊగిసలాటను కాదు. సూచీతో పాటు కదిలే భాగాన్ని తీసేయగా మిగిలినదాన్ని కొలవాలి. ఇందుకు కావాల్సిన ధరలన్నీ ఎక్స్ఛేంజీల్లో రోజూ దొరుకుతాయి, ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

దీనికి మొదట వచ్చే ఆక్షేపణ బలమైనదే: మార్కెట్టే మోసపోతే? బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవని రాజు రాసేదాకా మార్కెట్‌కు తెలియదు కదా. నిజమే. దావా వస్తుందా రాదా అన్నది ధర చూసి చెప్పడం కష్టం. కానీ వస్తే ఎంత నష్టమన్నది చెప్పడానికి మార్కెట్ తెలివైనది కానక్కర్లేదు. అది ఎంత గట్టిగా మోసపోతే పడటానికి అంత ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తు పేరే మార్కెట్ విలువ. 2009 జనవరి 7న సత్యం షేరు 179 రూపాయల నుంచి 40 దగ్గరికి వచ్చింది. సుమారు 67 కోట్ల షేర్ల మీద అది 9,300 కోట్ల నష్టం. తర్వాత 2011లో అమెరికా క్లాస్ యాక్షన్‌లో కంపెనీ ఒప్పుకున్న రాజీ మొత్తం 12.5 కోట్ల డాలర్లు, ఆనాటి మారకంలో సుమారు 560 కోట్లు. మనం లెక్క కోసం పెట్టుకున్న ఐదు శాతానికి ఇది మరీ దూరమేం కాదు. ఒక్క ఉదాహరణతో సూత్రం నిలబడదు గాని, ఏ కొలబద్దతో కొలవాలో తెలుస్తుంది.

ఆ ఒక్క ఉదాహరణలోనే మన మార్కెట్‌కు సంబంధించిన రెండో చిక్కు కూడా ఉంది. న్యూయార్క్‌లో ఏడీఆర్ కొన్నవారికి ఈ రాజీ సొమ్ము దక్కింది. ఇక్కడి చిన్న మదుపరుల తరఫున మిడాస్ టచ్ సంఘం జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే అక్కడ తలుపు మూసేశారు. సుప్రీంకోర్టూ ఊరట ఇవ్వలేదు. ఒకే కంపెనీ, ఒకే అబద్ధం, ఒకే పతనం. కానీ బీమా కోణంలో ఒక డాలరు నష్టం, ఒక రూపాయి నష్టం సమానం కాలేదు. 2013 కంపెనీల చట్టం 245వ సెక్షన్ ఇక్కడా సామూహిక దావాకు వీలిచ్చింది గాని, దాన్ని వాడింది బహు తక్కువ. అందుకే ఈ లెక్కలో షేర్లు ఎక్కడ ట్రేడవుతున్నాయన్నదాన్ని బట్టి తూకం వేయాలి. డాక్టర్ రెడ్డీస్ మీద 2017లో న్యూజెర్సీలో వేసిన దావా 2020లో 90 లక్షల డాలర్లతో ముగిసింది. హైదరాబాద్ కంపెనీకి అమెరికా లిస్టింగ్ అంటే ఏమిటో అది చెబుతుంది. భారత్‌లో మాత్రమే లిస్టైన కంపెనీకి అసలు ఖర్చు దర్యాప్తులు, లాయర్ల ఫీజులు. సత్యం కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు 2015 ఏప్రిల్‌లో గాని రాలేదు. మోసానికి బీమా వర్తించదన్న షరతు సాధారణంగా తుది తీర్పు తర్వాతే అమలవుతుంది. అందాకా లాయర్ల బిల్లులు పెరుగుతూనే ఉంటాయి. ఈ భాగానికి షేరు ధర పెద్దగా పనికిరాదు, కేసు ఎన్నేళ్లు నడుస్తుందన్నదే చూడాలి.

దావా వచ్చే అవకాశాన్ని పసిగట్టడానికి షేరు ధర కన్నా మంచి ఆనవాలు మరొకటుంది, ప్రమోటర్ల వాటా. సత్యంలో 2001లో పాతిక శాతం దాటి ఉన్న ఆ వాటా 2008 మార్చికి తొమ్మిది శాతం లోపుకు దిగింది, మిగిలింది కూడా తాకట్టులోకి పోయింది. తాకట్టు పెట్టిన షేరు పడితే అప్పిచ్చినవాడు అమ్మేస్తాడు, అమ్మితే ఇంకా పడుతుంది; పడకుండా నిలబెట్టాలన్న ఒత్తిడే అంకెలు దిద్దే చేతికి పని కల్పిస్తుంది. సత్యం దెబ్బతోనే సెబీ 2009 జనవరిలో తాకట్టు వివరాలు వెల్లడించాలని ఆదేశించింది. ఇప్పుడవి ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. రీఇన్సూరర్ పట్టికలో వీటికంటూ ఒక గడి లేకపోతే అది బద్ధకమే.

ధర పడగానే ప్రీమియం పెంచితే కష్టంలో ఉన్న కంపెనీ మీద ఇంకో బండ వేసినట్టు కాదా అంటారు. ఒక్కరోజు ధర కాకుండా కొన్ని నెలల సగటు తీసుకుంటే ఆ పోటు చాలావరకు తగ్గుతుంది. అంతకన్నా పెద్ద భయం రీఇన్సూరర్‌దే: అన్ని పాలసీలూ ఒకేసారి పేలడం. అమెరికాలో 2001లో ఐపీఓల కేటాయింపుల మీద 300కు పైగా కంపెనీలపై ఒక్క ఊపున దావాలు పడ్డాయి. ఒక్కో కంపెనీకి విడిగా కట్టిన లెక్క ఆ రోజు చాలదు; షేర్లు ఎంతగా కలిసి కదులుతాయన్న లెక్కా కావాలి, అదీ మార్కెట్ డేటాలోనే దొరుకుతుంది. లిస్ట్ కాని కంపెనీలకు మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. మేటాస్ ఇన్‌ఫ్రాను తర్వాత తీసుకున్న ఆర్థిక సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ 2018లో కూలింది. మాతృసంస్థకు షేరు ధరే లేదు, ఉన్నది రేటింగ్ ఒక్కటే, అదేమో కూలడానికి కొద్ది వారాల ముందు వరకూ అత్యున్నతమైన ఏఏఏ. అలాంటి చోట గ్రూపులో లిస్టైన కంపెనీల షేర్లను గమనించడం కన్నా చేయగలిగింది తక్కువ. అక్కడ కవర్ తగ్గించుకోవడమే మేలు.

ఇది ఎవరు మొదలుపెట్టాలన్న ప్రశ్నకు మన దగ్గరే ఒక పూర్వానుభవం ఉంది. అగ్ని బీమాలో విచ్చలవిడి డిస్కౌంట్లు నడుస్తున్నప్పుడు, ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో లెక్కగట్టిన నష్ట వ్యయం కన్నా తక్కువకు అమ్మిన పాలసీలకు రీఇన్సూరెన్స్ ఇవ్వబోమని 2019లో ప్రభుత్వ రీఇన్సూరర్ జీఐసీ రీ కొన్ని రంగాలకు షరతు పెట్టింది. బీమా కంపెనీలు సణుక్కున్నాయి, రేట్లు మాత్రం పెరిగాయి. డీ అండ్ ఓకు అలాంటి కనీస ధర పెడితే మళ్లీ పైనుంచే రేట్లు నిర్ణయించిన టారిఫ్ రోజులు తెచ్చినట్టే అనేవాళ్లుంటారు. ధర నియంత్రణ సంస్థ పెట్టనక్కర్లేదు, లెక్క బయటపెడితే చాలు. మార్కెట్ విలువ, సూచీని తీసేసిన ఊగిసలాట, తాకట్టు శాతం, విదేశీ లిస్టింగ్ వివరాలు ముంబై ఎక్స్ఛేంజీల దగ్గర ఉన్నాయి. ఏ కంపెనీ మీద ఎంత క్లెయిమ్ వచ్చింది, లాయర్లకెంత పోయిందన్నది బీమా కంపెనీల బీరువాల్లో ఉంది. కంపెనీ పేర్లు చెరిపేసి ఆ రెండో సగాన్ని బ్యూరోకి ఇవ్వమని నానక్‌రామ్‌గూడ నుంచి ఒక సర్క్యులర్ వెళ్లాలి.